హాజరుపట్టీ బాబాయ్

మా బాబాయ్ ఈ ప్రపంచంలో దేన్నైనా నమ్ముతాడు. వాతావరణ సూచన నమ్ముతాడు, పళ్ళపొడి డబ్బా మీద రాసింది నమ్ముతాడు, "ఐదే నిమిషాల్లో తయారైపోతాను" అని పిన్ని అంటే అదీ నమ్ముతాడు. కానీ కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక తెర మీద "అంతా సిద్ధంగా ఉంది" అని కనిపిస్తే మాత్రం చచ్చినా నమ్మడు. హాజరు తీసుకుంటాడు.

హాజరని మాటవరసకి అనడం లేదు. బడిలో పంతులుగారు పిల్లల్ని పిలిచినట్టు, కంప్యూటర్‌తో పాటే వచ్చిన చిన్నాచితకా ప్రోగ్రాములన్నిటినీ పేరుపేరునా పిలుస్తాడు. దానికో పొడుగాటి రిజిస్టరు, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. రిజిస్టరులో నూట పద్నాలుగు పేర్లు.

మేమిద్దరం ఒకే లైబ్రరీలో పనిచేస్తాం. కింద సభ్యత్వాల బల్ల దగ్గర నేను, పై అంతస్తులో ఎనిమిది కంప్యూటర్లకు పెద్దదిక్కుగా బాబాయ్. అప్‌డేట్ అయిన రోజున పేర్లు చదవడానికి నన్ను పైకి పిలిచేవాడు. సొంత అన్నకూతుర్ని కాబట్టి తప్పించుకునే దారి లేదు.

"కాలిక్యులేటరు," అనేదాన్ని.

బాబాయ్ మౌస్ నొక్కి, అది తెరుచుకునేదాకా ఊపిరి బిగబట్టి, "ఉన్నాడు. మొహం మారింది గానీ ఉన్నాడు," అనేవాడు. నీలం టిక్కు.

"సౌండు రికార్డరు."

"ఉన్నాడు. పేరు మార్చుకున్నాడు."

"ఎందుకట?"

"ఏం చేసి పారిపోయి వచ్చాడో మనకెందుకు? మనిషి ఉన్నాడా లేదా, అదే మన లెక్క. తర్వాత?"

"గడియారం."

"ఉన్నాడు. గంట వెనకబడ్డాడు, పక్కన రాయి."

"సీడీలు పాడించేది."

బాబాయ్ వెతికేవాడు. మళ్ళీ వెతికేవాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీసేవాడు. "గైర్హాజరు," అనేవాడు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులాగా. ఎర్ర పెన్ను మూత తీసేవాడు.

అక్కణ్ణుంచి అసలు పని మొదలు. తప్పిపోయినవాణ్ణి వెతికి తేవాలి. కంపెనీవాళ్ళు కొన్నిటిని తీసేసి, సెట్టింగుల్లో నాలుగు తలుపుల వెనకాల "కావాలంటే తెచ్చుకోండి" అన్న జాబితాలో పడేస్తారు. ఆ జాబితా ఒకటుందని మాత్రం ఎవరికీ చెప్పరు. బాబాయ్‌కి ఆ నాలుగు తలుపులూ కళ్ళు మూసుకుని తెరవడం వచ్చు. ఒక్కో కంప్యూటరుకీ గంటన్నర చొప్పున, ఎనిమిదింటికీ హాజరు పూర్తయ్యేసరికి రెండు రోజులు పట్టేది, నాకు నూట పద్నాలుగు పేర్లూ చెవిలో జోరీగల్లా మోగుతుండేవి.

ఆ రిజిస్టరులో నాకు అంతుచిక్కనిది ఒక్కటే. ప్రతి పేజీలోనూ కుడివైపు చివరి గడి లోపలికి మడిచి, దానికి క్లిప్పు పెట్టి ఉండేది.

"అందులో ఏముంది బాబాయ్?"

"నీ పని పేర్లు చదవడం. చదువు."

క్లిప్పు మీద చెయ్యి వేస్తే చాలు, రిజిస్టరు తన వైపుకి లాగేసుకునేవాడు. ఆరేళ్ళుగా నా ప్రాణం ఆ మడత దగ్గరే కొట్టుకుంటోంది.

ఈ హాజరు జబ్బు ఆఫీసుతో ఆగి ఉంటే ఊరుకుందుం. స్కూటరు సర్వీసింగ్ నుంచి వస్తే మెకానిక్ ముందు జేబులోంచి చీటీ తీసేవాడు. "హారను?" "ఉంది సార్." "ఎడమ అద్దం?" "ఉంది సార్." "సీటు కింద పదో నంబరు స్పానరు?" మెకానిక్ కాసేపు ఆకాశం చూసి, తన ప్యాంటు వెనక జేబులోంచి అదేదో తనంతట తనే అక్కడికి నడిచొచ్చినట్టు బయటికి తీసేవాడు.

పిన్ని వారం రోజులు వాళ్ళ అక్కగారింటికి వెళ్ళి వచ్చింది ఒకసారి. బాబాయ్ గుమ్మంలో నిలబడి తేరిపార చూశాడు.

"పెట్టెలు రెండు, ఉన్నాయి. గొడుగు, ఉంది. వెళ్ళేటప్పుడు మొహాన నవ్వుంది. గైర్హాజరు."

"బస్సులో నిలబడి వచ్చాను, దారిలో ఎక్కడో రాలిపోయింది. ముందు కాఫీ పెట్టి తీసుకురండి, అదే వస్తుంది," అంది పిన్ని. బాబాయ్ వంటింట్లోకి పరిగెత్తాడు.

అన్నిటికన్నా ఘనమైనది ఆస్పత్రిలో జరిగింది. పిత్తాశయంలో రాళ్ళున్నాయని ఆపరేషన్ చేశారు. మత్తు పూర్తిగా వదలకముందే బాబాయ్ దుప్పటి కింద ఏవో తడుముకుంటున్నాడు. నర్సు కంగారుపడి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది.

"ఏం కావాలండీ?" అన్నారు డాక్టరుగారు.

"లెక్క చూసుకుంటున్నాను."

"ఒక్క పిత్తాశయమే తీశామండీ."

"అది చెప్పి తీశారు డాక్టరుగారూ, దానికేం బాధ లేదు. చెప్పకుండా తీసినవేమైనా ఉన్నాయా?"

డాక్టరుగారు కేసు కాగితాలు తెప్పించి, పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాకగానీ బాబాయ్ కళ్ళు మూసుకోలేదు.

కంపెనీవాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే అక్కడివాళ్ళ తలప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు గైర్హాజరైంది తెర మీద చీటీలు అంటించే ప్రోగ్రాము.

"సార్, ఆ ఫీచర్ ఎవరూ వాడటం లేదని తొలగించాం సార్," అందట అవతలి అమ్మాయి.

"ఎవరూ అంటే ఎవరమ్మా?"

"అంటే... ఎవరూ సార్."

"అందర్నీ అడిగారా?"

"మా దగ్గర గణాంకాలున్నాయి సార్."

"మా దగ్గర రిజిస్టరుంది తల్లీ. అందులో ఒకరున్నారు. ఒకరుంటే ఎవరూ లేనట్టు కాదుగా?"

ఆ అమ్మాయి వాళ్ళ పైవాణ్ణి పిలిచింది, ఆ పైవాడు తన పైవాణ్ణి పిలిచాడు. సాయంత్రానికి చీటీలు అంటించేవాడు తిరిగొచ్చాడు.

ఇదంతా ఎందుకు, అన్నది మా ఇంట్లోనూ లైబ్రరీలోనూ ఒక శాశ్వత చర్చ. చిన్నప్పుడు సంతలో తప్పిపోయి ఉంటాడని లైబ్రరీ వాచ్‌మన్ సిద్ధాంతం. పెళ్ళైన కొత్తలో కూడా ఇలాగే తలుపు గడియలు లెక్కపెట్టేవాడు కాబట్టి పుట్టుకతోనే వచ్చిందని పిన్ని సిద్ధాంతం. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తెలియక ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాడని నాది. బాబాయ్‌నే అడిగితే "అలవాటు తల్లీ" అని నవ్వేసేవాడు, క్లిప్పు సరిచేసుకుంటూ.

ఇక్కడ అనౌన్సరు గారి గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చున్న మనిషి. ఆయన "దయచేసి వినండి" అంటే ప్లాట్‌ఫారం మీద ఏడ్చే పిల్లలు కూడా ఆగి వినేవారట. గొంతులో జబ్బు చేసి స్వరపేటిక తీసేశారు. మాట పోయింది. ఆయన తల్లి వేరే ఊళ్ళో ఉంటుంది, ఎనభై ఆరేళ్ళు. చూపు ఆనదు కాబట్టి ఉత్తరం, మెసేజీ చదవలేదు. కొడుకు మాట వినాలంటే ఫోన్ ఒక్కటే దారి, ఆ కొడుక్కేమో మాట లేదు.

మా లైబ్రరీ నాలుగో నంబరు కంప్యూటరులో టైప్ చేసింది చదివి వినిపించే ఒక పాత గొంతుంది. డొక్కు గొంతు. సంతోషం చెప్పినా, సంతాపం చెప్పినా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినా ఒకటే తీరు. అనౌన్సరు గారు దాంతో వాళ్ళమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ పెట్టేసింది. మళ్ళీ చేశారు. "ఎవడ్రా నువ్వు, నా కొడుకు పేరు చెప్పుకుని ఫోన్ చేస్తావా?" అని తిట్టి పెట్టేసింది. మూడోసారి, "నేనేనమ్మా, నీ చిట్టెలుకని" అని టైప్ చేశారు. ఆ పేరుతో ఆవిడ తప్ప ఎవరూ పిలవరు. ఈసారి ఆవిడ పెట్టెయ్యలేదట. "అన్నం తిన్నావురా?" అందట.

అప్పట్నుంచీ ఆ డొక్కు గొంతే ఆవిడకి కొడుకు. ప్రతి శనివారం పదకొండింటికి అనౌన్సరు గారు అద్దాల గదిలో ఉన్న నాలుగో నంబరు ముందు కూర్చుంటారు, ఫోన్ స్పీకరు దగ్గర పెట్టుకుంటారు. ఒకసారి ఊరెళ్ళినప్పుడు తన సెల్‌ఫోన్లోని కొత్త గొంతుతో చేస్తే, ఆవిడ నాలుగు సార్లు పెట్టేసి, కొడుకుకి ఏదో అయిందని పక్కింటివాళ్ళని పిలిచి ఏడ్చిందట. పాత గొంతు దొరికేది మా దగ్గరే.

ఇలా ఉండగా మాకు కొత్త లైబ్రేరియన్ మేడమ్ వచ్చారు. మంచి మనిషే, చకచకా పని కావాలంటారు. రావడంతోనే అప్‌డేట్ వచ్చిపడింది, అదీ పెద్దది.

"శుక్రవారం సాయంత్రానికి ఎనిమిదీ అయిపోవాలి. శనివారం పొద్దున మామూలుగా తెరుస్తాం," అన్నారు.

"హాజరు తీసుకోవాలి మేడమ్. రెండు రోజులు పడుతుంది," అన్నాడు బాబాయ్.

మేడమ్ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

"నూట పద్నాలుగు ప్రోగ్రాములు ఎవరు వాడతారండీ? ఏదైనా కనిపించకపోతే వాళ్ళే వచ్చి చెప్తారు, అప్పుడు చూద్దాం."

"చెప్పరు మేడమ్," అన్నాడు బాబాయ్ మెల్లిగా. "తమకే చేతకాలేదనుకుంటారు. నిన్న నొక్కినట్టే నొక్కుతారు, రాదు. అటూ ఇటూ చూస్తారు. ఎవరైనా నవ్వుతారేమోనని లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు."

మేడమ్ విన్నారు గానీ, ఉత్తర్వు మార్చలేదు. రెండు రోజులు లైబ్రరీ పైఅంతస్తు మూస్తే పైవాళ్ళకి ఏం చెప్పాలి అన్నది ఆవిడ బాధ. శుక్రవారం సాయంత్రం ఎనిమిది తెరల మీదా "అంతా సిద్ధంగా ఉంది" అని వెలిగింది. బాబాయ్ ఇంటికి వెళ్ళి సరిగ్గా తినలేదని పిన్ని ఫోన్ చేసింది.

శనివారం తొమ్మిదింటికి తెరవాల్సిన లైబ్రరీకి నేను ఏడున్నరకే వెళ్ళాను, కారణం అడక్కండి. బాబాయ్ స్కూటరు అప్పటికే ఉంది. పైన ఎనిమిది కంప్యూటర్లూ వెలుగుతున్నాయి. బాబాయ్ ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి దూకుతూ గుసగుసగా తనకి తనే హాజరు పిలుచుకుంటున్నాడు.

"రెండు రోజుల పని గంటన్నరలో ఎలా అవుతుంది బాబాయ్? ఇలా ఇవ్వు," అని రిజిస్టరు లాక్కున్నాను. తొందరలో క్లిప్పు ఊడిపోయింది, మడత విప్పుకుంది.

చివరి గడి పైన "ఎవరు" అని రాసి ఉంది.

తెర మీది అక్షరాలు పెద్దవి చేసే భూతద్దం పక్కన: "కళ్ళజోడు విరిగిన తాతగారు. కొత్తది కొనుక్కోమని చెప్పొద్దు." తెర మీది కీబోర్డు: "టైలరమ్మ. వేళ్ళు వణుకుతాయి. మనం చూస్తే ఆపేస్తుంది." చీటీలు అంటించేది: "నర్సు. డ్యూటీలు రాసుకుంటుంది." ఒంటరి పేకాట: "నాలుగింటికి వచ్చే పెద్దాయన. భార్య ఆస్పత్రిలో. చూడటానికి ఐదింటిదాకా లోపలికి పంపరు." కాలిక్యులేటరు: "పళ్ళ కొట్టావిడ. మొహం మారితే దగ్గరుండి చూపించాలి." నోట్‌ప్యాడ్ పక్కన చూసి నాకు చెవులు వేడెక్కాయి. "అన్నయ్య కూతురు. భోజనాల వేళ కవిత్వం రాసుకుంటుంది. నేను చదవలేదు."

"ఎందుకు దాచావు బాబాయ్ ఇదంతా?"

"ఎవరెవరికి ఏం అవసరమో పదిమందికీ కనపడేలా రాసిపెడితే ఏం మర్యాద తల్లీ? ఇక చదువు. మనుషులున్నవి మాత్రమే చదువు."

మనుషులు లేనివి తొమ్మిదే. నా కళ్ళు చెమర్చాయని దాచుకోవడమెందుకు, చెమర్చాయి. ముక్కు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను. భూతద్దం గైర్హాజరు, తెచ్చాం. కీబోర్డు ఉంది. పేకాట గైర్హాజరు, తెచ్చాం. తర్వాత నాలుగో నంబరు.

"పాత గొంతు. అనౌన్సరు గారు, శనివారం పదకొండు. వాళ్ళమ్మ."

బాబాయ్ నాలుగు తలుపులూ తెరిచాడు. జాబితా పైనుంచి కిందికి చూశాడు, కిందినుంచి పైకి చూశాడు.

"గైర్హాజరు. జాబితాలో కూడా లేడు," అన్నాడు. ఎర్ర పెన్ను మూత తియ్యలేదు.

సామాన్ల గదిలో పాత కంప్యూటరొకటి ఉందని గుర్తొచ్చింది. ఇద్దరం మోసుకొచ్చాం, దుమ్ము దులిపాం, తీగలన్నీ తగిలించాం. అది కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, వెంటనే అప్‌డేట్ మొదలుపెట్టింది. బాబాయ్ ఇంటర్నెట్ తీగ పీకేలోపల ముప్పై ఏడు శాతం అయిపోయి, "దయచేసి ఆపవద్దు" అని అక్కడే బిగదీసుకుంది. (తర్వాత మూడు వారాలకి కంపెనీలో పైవాడికి పైవాడు ఆ గొంతు పంపించాడు లెండి. బాబాయ్ సంగతి మీకు తెలిసిందేగా. కానీ ఆ శనివారం మాత్రం లేదు.)

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా అనౌన్సరు గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. బాబాయ్ చేతులు నలుపుకుంటూ, "ఏమండీ... గొంతు పోయిందండీ," అన్నాడు.

ఆయన కుర్చీలో కూర్చుని టైప్ చేశారు: "నాకిది రెండోసారి."

ఉన్న కొత్త గొంతులు వినిపించాం. మొదటిది తేనెలో ముంచి తీసిన ఆడపిల్ల గొంతు. రెండోది హుషారైన కుర్రాడిది, "అమ్మా" అన్నా సబ్బు అమ్ముతున్నట్టే ఉంది. ఆయన తల అడ్డంగా ఊపారు. పదకొండు దాటింది. పదకొండూ ఐదు. ఇంకాసేపు చూసి ఆవిడ పక్కింటివాళ్ళని పిలుస్తుంది, అది మా ముగ్గురికీ తెలుసు. ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఊరికే ఆనించి కూర్చున్నారు.

పదకొండూ పదికి ఆయన ఫోనే మోగింది. తెర మీద "అమ్మ".

బాబాయ్ ఏమనుకున్నాడో ఏమో, ఆ ఫోన్ అందుకుని స్పీకరు నొక్కాడు. వెన్ను కర్రలా నిటారుగా పెట్టాడు, మొహంలో ఉన్న కళంతా తీసేశాడు.

"అమ్-మా," అన్నాడు. "నే-ను."

అచ్చం ఆ డొక్కు గొంతే. నేను నోరు వెళ్ళబెట్టాను. అనౌన్సరు గారు బాబాయ్‌ని చూశారు, కీబోర్డుని చూశారు, గబగబా టైప్ చెయ్యడం మొదలుపెట్టారు.

"ఏరా, ఇంత ఆలస్యం? గుండె ఆగినంత పనైంది," అంది అవతలి నుంచి ముసలి గొంతు.

బాబాయ్ తెర చూసి, "మి-ష-ను. మొ-రా-యిం-చిం-ది. బా-గు-న్నా-వా," అన్నాడు. ప్రశ్నకి కూడా గొంతు లేవలేదు, పాతదీ లేపేది కాదు.

ఆవిడ కుళాయి కారుతోందని చెప్పింది. మాత్రల రంగు మార్చారని చెప్పింది. పక్కింటి పిల్లి మంచమెక్కి పడుకుంటోందని చెప్పింది. ఆయన టైప్ చేస్తున్నారు, ఈయన అక్షరం పొల్లుపోకుండా చదువుతున్నాడు. చెమట కారి కళ్ళజోడు ముక్కు చివరికొచ్చింది, నేను పైకి తోశాను. ఈ వింత గొంతు విని మేడమ్ పైకి వచ్చారు. అద్దాల అవతల నిలబడి కాసేపు చూశారు, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరు చూశారు. తర్వాత చప్పుడు కాకుండా మా గది తలుపు దగ్గరగా వేసి, మాట్లాడుకుంటూ మెట్లెక్కుతున్న వాళ్ళని వేలితో ఆపి అక్కడే నిలబడ్డారు.

పావుగంటకి బాబాయ్ గొంతు ఎండింది. "కు-ళా-యి-కి. మ-ని-షి-ని..." అంటూ ఆపుకోలేక ఖళ్ళున దగ్గాడు.

అనౌన్సరు గారి వేళ్ళు ఆగిపోయాయి.

"ఆఁ, మనిషిని పంపు," అందావిడ. మళ్ళీ పిల్లి గురించి ఎత్తుకుంది. మేం ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. ఇంకో ఐదు నిమిషాలు గడిచాయి.

"సరేరా, ఇక పెట్టేస్తాను," అంది చివరికి. "పక్కనున్న ఆ బాబు ఎవరో గానీ, ఆయనకి కాసిని మంచినీళ్ళు ఇప్పించు."

బాబాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నీ మిషను ఇన్నేళ్ళలో ఎప్పుడైనా దగ్గిందిట్రా? మాటలు నీవేగదా అని పెట్టెయ్యలేదు. పాపం, ఎంత బిగుసుకుపోయి చదువుతున్నాడో, వింటుంటే నాకే మెడ పట్టేసింది."

అనౌన్సరు గారి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేని నవ్వు. కళ్ళు తుడుచుకుంటూ రెండు ముక్కలు టైప్ చేశారు. బాబాయ్ వంగి చూశాడు. దొరికిపోయినా సరే, పని మధ్యలో వదిలే మనిషి కాదు. మళ్ళీ వెన్ను నిటారుగా పెట్టి, మొహంలో కళ తీసేసి చదివాడు.

"అ-లా-గే. అమ్-మా. ఇ-ప్పి-స్తా-ను."

నేను మంచినీళ్ళకి కిందికి పరిగెత్తాను.